పొడి నిక్కరు

"పిల్లకి ఈ పాటీ ఒక్కటీ అలవాటు చేసేస్తే ఇంక మీకు విశ్రాంతే అత్తయ్యా," అంది కోడలు, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. ఆ విశ్రాంతి ఏమిటో నాకు తెలుసు. మొన్న భోజనాల దగ్గర అబ్బాయి చెప్పాడు. "చెల్లికి నెలలు నిండుతున్నాయమ్మా. ఇక్కడ నువ్వు ఫ్రీ అయితే అటు వెళ్దువుగాని." వెళ్తావా అని అడగలేదు. వెళ్దువుగాని అన్నాడు.

ఈ ఇంట్లో నాకున్న చోటల్లా బాత్‌రూమ్ గడప. మనవరాలిని పాటీ కుర్చీ మీద కూర్చోబెట్టి, ఎదురుగా ఆ గడప మీద కూలబడి, ఊడిన పంటి సందులోంచి "స్‌స్‌స్" అంటాను. పిల్ల పోసేస్తుంది. పళ్ళన్నీ ఉన్న రోజుల్లో నా పిల్లలకీ ఇలాగే నేర్పాను. మా ఆయన పేపరు వెనకనుంచి అనేవారు, "పిల్లాడిచేత ఒంటేలు పోయించడం కూడా ఒక పనేనా? దానికింత ఆయాసమా?" అని. ఆ పేపరు తడవకుండా ఉందంటే అది ఎవరో చేసిన పనే కదా అని ఇప్పుడు తోస్తుంది. అప్పుడు తోచలేదు. తోచినా అనేదాన్ని కాదు. తర్వాత పెద్దమ్మాయి కొడుకు. నా చెయ్యి పట్టుకోనిదే బాత్‌రూమ్ వైపు అడుగేసేవాడు కాదు. ఇప్పుడు నేను వెళ్తే ఫోన్లోంచి తలెత్తి, మళ్ళీ దించుకుంటాడు. ఏ పిల్ల నిక్కరు తడపడం మానేసినా, నేను సంచి సర్దుకోవడమే.

ఈసారి చిక్కొచ్చింది. కోడలు ప్లేస్కూల్లో చేర్చడానికి తీసుకెళ్తే, పిల్ల పొద్దున్నంతా బిగబట్టుకుని చివరికి టీచర్ ఒళ్ళో పోసేసింది. "మీ అత్తగారు నోటితో ఏదో అంటేగాని పోయదటగా. ఇంతమందికి మేం ఈలలేస్తూ కూర్చోలేం కదండీ," అందట ఆవిడ. కోడలు ఇంటికొచ్చి, "ఇదేం అలవాటు అత్తయ్యా!" అంది. అబ్బాయి నవ్వాడు. "అమ్మని కూడా స్కూల్లో చేర్పించేద్దాం." తర్వాత నవ్వు ఆపి, "ఆ శబ్దం మానెయ్యమ్మా. దానంతటది పోసుకోవాలి," అన్నాడు.

మానేశాను. పిల్లకి కనబడకుండా గోడ చాటున కూర్చునేదాన్ని. "నానమ్మా, స్‌స్ అనూ," అని లోపల్నుంచి ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. కాసేపటికి ఏడుపాపి బయటికొచ్చి హాలు మధ్యలో పోసేది. నడుము పట్టేసినా ఆ తడి తుడుస్తుంటే నాకు లోపల సంతోషంగా ఉండేది. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోను?

ఇవాళ మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే బాత్‌రూమ్‌లోంచి "స్‌స్‌స్" అని వినబడింది. అచ్చు నాలాగే, పంటి సందుతో సహా. సబ్బు చేతులతోనే వెళ్ళి చూశాను. పిల్ల పాటీ మీద కూర్చుని, తనకి తనే అనుకుంటోంది. అయ్యాక లేచి, నిక్కరు వెనకది ముందుకి లాక్కుని, నన్ను చూసి, "నువ్వు పో నానమ్మా, నేను పెద్దయ్యాను," అంది.

సాయంత్రం కోడలొచ్చే వేళకి నాకేం బుద్ధి పుట్టిందో, మడతపెట్టిన పొడి నిక్కరొకటి తీసి, కుళాయి కింద తడిపి, బాల్కనీ తీగ మీద వేశాను. ఇంకొన్నాళ్ళు, అనుకున్నాను. అంతకంటే ఏమీ అనుకోలేదు.

కోడలు భుజాన బ్యాగైనా దించకుండానే తీగ వైపు చూసింది. "మళ్ళీ తడిపావా? సిగ్గులేదూ?" అని పిల్లని కసిరింది.

పిల్ల వాళ్ళమ్మ వైపు చూడలేదు. నా వైపు చూసింది. పొద్దున్నుంచి వేసుకున్న నిక్కరు దాని ఒంటి మీదే ఉంది, వెనకది ముందుకి, పొడిగా.

"దాన్ననకమ్మా," అన్నాను. "అది తడపలేదు. కుళాయి కింద నేనే తడిపాను. ఇవాళ అది నన్ను పిలవలేదు."