దుంగ దాటాలంటే ఒక మాట

సోములమ్మ నోటికి జడవని మనిషి ఆ గూడెంలో ఇంకా పుట్టలేదు. అంగన్‌వాడీలో ఆయా. కార్డులో వయసు యాభై ఎనిమిది. ఆ కార్డు ఎంత అబద్ధమాడుతోందో ఊరందరికీ తెలుసు. అలాంటి మనిషి ఇటుకల పండగ రెండోరోజు పొద్దున్నే, అరకు రోడ్డుకి అడ్డంగా పడేసిన దుంగ మీదకెక్కి, "ఈ ఏడాది బళ్ళోల కాడ ఒక్క రూపాయి అడగొద్దు" అనేసరికి ఆడవాళ్ళంతా తెల్లబోయారు.

తెల్లబోరూ మరి! చైత్రంలో ఇటుకల పండగంటే ఏమిటి? మగవాళ్ళు విల్లూ బాణాలూ పట్టుకుని వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి దుంగ అడ్డంపెట్టి, ఆడిపాడి, వచ్చేపోయే బళ్ళని ఆపి విందుకి డబ్బు గుంజుతారు. ఉత్తచేతులతో తిరిగొచ్చిన వేటగాడి నెత్తిన పేడనీళ్ళు గుమ్మరిస్తారు. వాడు కిక్కురుమనడానికి వీల్లేదు, పండగ! ఈ రోజుల్లో అడవిలో ఉడత కూడా సరిగ్గా దొరకదు కాబట్టి పేడనీళ్ళకి మాత్రం ఏటా బోలెడు పని.

"డబ్బులొద్దంటే మరేటి అడుగుతాం? రాళ్ళా?" అంది కనక, నడుం మీద చేతులు పెట్టుకుని.

"మాట అడుగుదాం. 'పిల్లలు సెప్తే నమ్ముతాను. తప్పు సేసినోడు నావోడైనా దాయను.' ఈ ముక్క నోరారా అన్నోడికే దుంగ తీద్దాం."

"ఏటి, ఆ తప్పు?"

"పిల్లల ఒంటి మీద సెయ్యేసే తప్పు."

ఆ మాట గూడెంలో ఎవరూ పైకి అనరు. మరీ తప్పనిసరైతే పెద్దమనుషులు కూర్చుని, ఒక మేకా రెండు బిందెల జీలుగు కల్లూ తప్పు కట్టించి, తిని తాగి మూతి తుడుచుకుంటారు. ఆ పిల్ల ముఖం వైపు ఎవరూ చూడరు.

"సిగ్గు నేదా అత్తా, రోడ్డు మీద, ఊరోళ్ళూ కానోళ్ళూ ఇనేలాగ!" అంది కనక.

"సిగ్గుపడాల్సింది నానా?" అని గయ్యిమంది సోములమ్మ. ఆ గయ్యి తర్వాత ఇంకెవరూ వాదించలేదు.

అసలు సంగతి కనక కూతురు నిర్మలది. పదేళ్ళ గుంట, ఊరి బళ్ళో ఐదో తరగతి. ఒట్టి వాగుడుకాయ. మేకతో మాట్లాడేది, బస్సుతో మాట్లాడేది, నిద్రలో కూడా మాట్లాడేది. అలాంటిది, కాఫీపళ్ళు కోసే కాలం వచ్చి వెళ్ళేసరికి నోట మాట లేకుండా అయిపోయింది. తిండి తగ్గింది. వెనకనుంచి ఎవరైనా భుజం తడితే ఉలిక్కిపడుతుంది. కనక భయపడి దెయ్యాలు వదిలించే గురుమాయి దగ్గరికి తీసుకెళితే, ఆమె దెయ్యమంది. తాయెత్తు కట్టింది, నల్లకోడిని కోయించింది. కోడి పోయిందిగానీ పిల్లకి మాట రాలేదు.

"దెయ్యం కాదేమోనే, మనిషేమో సూడు" అని సోములమ్మ అంటే కనక ఇంతెత్తున లేచింది. మొగుడు డొంకరాయిలో పనికి పోయి నెలకోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో మగదిక్కు మరిది ఫల్గుణ ఒక్కడే. మంచివాడంటే ఊరు ఊరంతా ఫల్గుణ పేరే చెబుతుంది. ఎవరింట పెళ్ళయినా డప్పు అతనే వాయిస్తాడు, ఎవరి కప్పు కారినా పైకెక్కి అతనే నేస్తాడు. "మా ఇంటి మీద అలాటి మాటనకు" అని కనక నెల్లాళ్ళు సోములమ్మ ముఖం చూడలేదు.

సోములమ్మకి మాత్రం ఆ పిల్ల మౌనం బాగా తెలుసు. తనకి తొమ్మిదేళ్ళప్పుడు, పసుపుకొమ్ములు ఉడకబెట్టే పొయ్యి దగ్గర, ఇలాంటి మాటే తల్లికి చెప్పబోయింది. తల్లి అరచేత్తో నోరు నొక్కేసింది. ఇప్పటికీ పసుపు వాసన గుప్పున తగిలితే ఆ ముసలిదానికి ఊపిరాడదు.

పోయినవారం అంగన్‌వాడీ అరుగు మీద రాజ్‌మా గింజలు ఏరుతూ, "ఏటయిందే తల్లీ?" అని నిర్మలని అడిగింది. ఆ పిల్ల గింజలవంకే చూస్తూ, "సెప్తే ఎవులూ నమ్మరు మామ్మా" అంది.

"నాను నమ్ముతానే."

"నువ్వొక్కదానివే కదా."

"ఎంతమంది గావాలేటి నీకు?"

నిర్మల దోసెడు గింజలు తీసి చూపించింది. "ఇంతమంది."

సరే, ఇంతమందీ కావాలి! ఎక్కడినుంచి తేవాలి? ఆ రాజ్‌మా దోసిలి నింపడానికే ఈ దుంగ. సోములమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పాలపొడి డబ్బా ఒకటి కడిగి నిర్మల ఒళ్ళో పెట్టి, పక్కన గింజల సంచీ పెట్టి, "మాటిచ్చినోడికి ఒక్కో గింజెయ్యి. నెక్క నీది" అంది.

బోణీ గాసిది. గాసి గూడేనికి నాయుడు, అంటే పెద్ద. వేటకెళ్ళే వయసు దాటి, దుంగ అవతలున్న టీకొట్టుకి బయల్దేరాడు పాపం.

"ఇంటిగుట్టు రోడ్డుకెక్కిత్తావేటే ముసలీ? నా ఊళ్ళో నన్నే ఆపుతావా?"

"ఆపుతాను నాయుడా. పండగ కదా. బకెట్లో పేడనీళ్ళు కూడా కలిపే ఉన్నాయి."

గాసి బకెట్ వైపు చూశాడు. తన కొత్త పంచె వైపు చూసుకున్నాడు. గొంతులో ఏదో గొణిగాడు.

"గొణిగితే నెక్కలోకి రాదు!"

రెండోసారి కొండ అవతలికి వినిపించేలా అరిచాడు. నిర్మల ఒక గింజ తీసి డబ్బాలో వేసింది. టిక్కుమంది.

తర్వాత క్యాబేజీల వ్యాను వచ్చింది. డ్రైవరుకి తెలుగు రాదు, ఒడియాలో అన్నాడు. చెల్లుతుందా అన్నట్టు నిర్మల సోములమ్మవంక చూసింది. "ఏ బాసయితేనేటి, మాట మాటే" అని తీర్పిచ్చింది ముసలిది. మరో టిక్కు. ఆ తర్వాత మోటారు సైకిళ్ళు, మిరియాల బస్తాల ఆటో, పెళ్ళి జీపు. పెళ్ళికొడుకు సిగ్గుపడుతూ అంటే పెళ్ళికూతురు మోచేత్తో పొడిచి మళ్ళీ గట్టిగా అనిపించింది.

పదింటికి బస్సు. డ్రైవరు వరహాలరావు మైదానం మనిషి, హారన్ మీదనుంచి చెయ్యి తియ్యడు.

"ఒలమ్మా, టైమైపోతంది! ఏటి గావాలో బేగి సెప్పండి. పది రూపాయిలా, ఇరవయ్యా?"

"డబ్బు నీ కాడే ఉంచుకో బావు. మాట గావాలి" అని సోములమ్మ ముక్క వినిపించింది.

వరహాలరావు హారన్ వదిలేశాడు. "నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారమ్మా" అని, ఆ ముక్క చెప్పి, వెనక్కి తిరిగి ప్రయాణికుల మీద కేకేశాడు. "అందరూ అనాలి! అననోడు దిగి నడిసి పోవాల!" అందరూ ఒక్కసారిగా అనబోతే సోములమ్మ ఒప్పుకోలేదు. వంతులవారీగా అనిపించడానికి బస్సెక్కిందెవరనుకున్నారు? సిగ్గు లేదా అన్న కనకే! సీటు సీటుకీ వెళ్ళి, కల్లు మత్తులో జోగుతున్న ముసలాయన చేత కూడా అనిపించింది. ఆయన హుషారొచ్చి మూడుసార్లు అన్నాడు. "ఒక్క గింజే తాతా" అంది కనక పకపకా నవ్వుతూ. కిందనుంచి ఆ నవ్వు వింటున్న నిర్మల తల్లివంక అదోలా చూసింది. ఆ చూపు సోములమ్మ కంటపడింది.

మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి కారొకటి వచ్చింది. శివప్రసాద్ అనే ఆయనా, భార్య గాయత్రీ. ఇదేదో టూరిస్టుల కోసం పెట్టిన కార్యక్రమం అనుకుని ఆయన సెల్‌ఫోన్ తీసి వీడియో మొదలెట్టాడు. సోములమ్మ ముక్క అప్పజెప్పేసరికి ఫోన్ దించేశాడు. మర్యాదగా మాట చెప్పాడు. గాయత్రి కూడా చెప్పింది. చెప్పి, కారెక్కబోయి ఆగింది.

"నా పేరు మీద ఇంకో గింజ వెయ్యనా పాపా?" అంది. "చిన్నప్పటి నాకు."

నిర్మల సంచీలో వెతికి, అన్నిటికన్నా పెద్ద గింజ ఏరి ఆమె చేతిలో పెట్టింది. గాయత్రి దాన్ని డబ్బాలో వేసి, నల్లకళ్ళద్దాలు పెట్టేసుకుంది. శివప్రసాద్ భార్య కోసం కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

నాలుగింటికి డబ్బా అంచుదాకా నిండింది. దోసిలికి రెండింతలు. నిర్మల దాన్ని రెండు చేతులా ఎత్తి బరువు చూసుకుంది. అప్పుడే కొండ మీదనుంచి డప్పు వినిపించింది. వేటగాళ్ళు వస్తున్నారు!

ఇక చూడాలి ఆ సంబరం! ముందు నడిచిన పదకొండుమందీ ఉత్తచేతులే. ఒక్కొక్కడినీ దుంగ దగ్గర నిలబెట్టడం, బకెట్ గుమ్మరించడం, పేడనీళ్ళు కారుతుండగా మాట అనిపించడం. వాళ్ళు తుమ్ముతూ, నవ్వుతూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ అన్నారు. చివరన డప్పు వాయిస్తూ ఫల్గుణ వచ్చాడు. భుజాన అడవికోడి వేలాడుతోంది.

"నాకు పేడనీళ్ళు నేవు, సూడండి!" అన్నాడు కోడిని ఎత్తి చూపిస్తూ.

వేట తెచ్చినవాడికి పసుపు రాసి బొట్టు పెట్టాలి. కనక చేతినిండా పసుపు తడుపుకుని ఎదురెళ్ళింది. "మరిదీ, ఆ ముక్క కూడా అనేయ్, దుంగ తీసేత్తారు."

ఫల్గుణ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "అదెంత పని! పిల్లలు సెప్తే నమ్ము..."

మాట పూర్తికాకుండానే నిండు బకెట్ అతని ముఖాన పడింది.

అందరూ గొల్లుమన్నారు. "ఒలే నిర్మలా, కోడి తెచ్చినోడి మీద పొయ్యకూడదే!" అని ఎవరో అరిచారు. తర్వాత పిల్ల ముఖం చూసి ఒక్కొక్కళ్ళే నవ్వు ఆపేశారు. ఖాళీ బకెట్ పట్టుకుని ఫల్గుణవంకే చూస్తోంది. ఏడవడంలేదు.

"తెచ్చినా పోత్తాను" అంది నిర్మల. ఎన్ని నెలలకో, గట్టిగా. "అమ్మ కాపీ తోటకి ఎల్లినప్పుడల్లా... సిన్నాన్న..."

సోములమ్మ ఒక్క అంగలో వెళ్ళి పిల్లని పొదివి పట్టుకుంది. "సాలు తల్లీ. ఇక్కడికింతే సాలు. మిగతాది సెప్పాల్సిన కాడ సెబుదువు. నమ్మాను. నమ్మాను."

ఫల్గుణ ముఖం తుడుచుకున్నాడు. "దెయ్యం మళ్ళీ ఎక్కింది దీనికి. ఒదినా, నువ్వైనా సెప్పు ఈళ్ళకి!"

అందరి కళ్ళూ కనక మీద పడ్డాయి. కనక మెల్లిగా పిల్ల దగ్గరికి వచ్చింది. పసుపు చెయ్యి పైకి లేచింది. ఆ వాసన సోములమ్మ ముక్కుకి తగిలింది. యాభై ఏళ్ళు దాటినా అదే అరచెయ్యి, అదే వాసన. ఇక్కడా నొక్కేస్తుందా? అమ్మా, నొక్కకే, నొక్కకే అని ముసలిదాని ప్రాణం కొట్టుకుంది.

ఆ చెయ్యి నిర్మల ముఖం పక్కగా దిగి సంచీలోకి వెళ్ళింది. ఒక గింజ తీసింది. నిండిన డబ్బా మీద ఆ పసుపంటిన గింజని పెట్టి, అది జారిపోకుండా వేలితో అదిమింది.

"నా పిల్ల సెప్తే నమ్ముతాను," అంది కనక. "నావోడైనా... నావోడైనా దాయను."

అప్పుడు గానీ సోములమ్మకి ఊపిరి రాలేదు.

గాసి కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. "సరే సరే, రేపు కూకుని మాటాడుకుందాం. తప్పు కట్టిద్దాం. ఊరి సంగతి ఊళ్ళోనే..."

"నాయుడా!" సోములమ్మ డబ్బా ఎత్తి అతని ముక్కు కింద పెట్టింది. "ఇందులో నీ గింజుంది, బోణీ నువ్వే. మాట ఎనక్కి తీసుకుంతావా? అయితే నీదేదో ఏరుకో."

గాసి డబ్బాలోకి తొంగిచూశాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆయన బుర్ర గోక్కుని, కర్ర తిప్పి, ఫల్గుణ చుట్టూ నిలబడమని మగవాళ్ళకి సైగ చేశాడు. పేడనీళ్ళు ఓడుతున్న పదకొండుమందీ చుట్టూ నిలబడ్డారు. ఇందాకే ఇచ్చిన మాట, ఇంకా ఒంటి మీద ఆరనేలేదు.

అంగన్‌వాడీ గోడ మీద ఆపదలో ఉన్న పిల్లల కోసమని రాసిన ఫోన్ నంబరు సోములమ్మకి కంఠతా వచ్చు. పది, తొంభై ఎనిమిది. గూడెంలో సిగ్నల్ దుంగ మీద నిలబడితేనే అందుతుంది. ముసలిది ఫోన్ పట్టుకుని మళ్ళీ దుంగెక్కింది. అవతలి అమ్మాయి నెమ్మదిగా అన్నీ అడిగింది. పోలీసు జీపు వస్తుందని, పిల్లని తల్లితో కలిసి అరకు తీసుకురమ్మని చెప్పింది.

అంతలో వరహాలరావు బస్సు తిరుగుదారిలో వచ్చింది. ఈసారి హారన్ లేదు. దుంగకి అల్లంత దూరంలోనే ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, "పిల్లలు సెప్తే నమ్ముతాను! సాలా? ఇంకోపాలి అనాలా?" అని అరిచాడు.

"అనాలి బావు, ఈసారి ఈ పిల్ల ఎదురుగా అనాలి" అంటూ సోములమ్మ నిర్మలని డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టింది. పక్కన కనక, కూతురి చెయ్యి వదలకుండా. ఆ వెనక సీట్లో సోములమ్మ. పిల్ల ఒళ్ళో డబ్బా.

మొదటి మలుపు దాకా నిర్మల ఒళ్ళో డబ్బావంకే చూస్తూ కూర్చుంది. రెండో మలుపులో పోలీసు జీపు ఎదురై పైకి పోయింది. నిర్మల తల తిప్పి దాన్ని చూసింది. మూడో మలుపులో, "ఈ బస్సుకి బ్రేకు ఎక్కడుంటాది?" అంది. వరహాలరావు చూపించాడు. "మరి గేరెందుకు? ఆ అద్దంలో నాను కనపడతన్నానా? క్యాబేజీ బండాయన ఏ ఊరు? ఆ పట్నం ఆవిడ మళ్ళీ వత్తాదా? ఈ గింజలు నాటితే మొలుత్తాయా మామ్మా?" ఘాటీ దిగుతున్నంతసేపూ, ఒకటి తర్వాత ఒకటి, నెలల తరబడి దాచుకున్నవన్నీ.

"ఏటమ్మా, ఈ గుంట నోటికి బ్రేకు నేదా?" అని వరహాలరావు నవ్వాడు.

కనక కన్నీళ్ళు తుడుచుకుంటూ కూతురి జుట్టు సవరిస్తోంది. సోములమ్మ సీట్లో వెనక్కి వాలి, కాళ్ళు బారజాపుకుంది.

"నేదు బావు," అంది. "ఇక ఎవుల్నీ ఎయ్యనియ్యను."