నలభై మూడు సంతకాలు, ఒక్క అభ్యంతరం

మా అక్క ఇంటి పెరటి తలుపు తీస్తే చిత్తడి నేలే. తుంగ, బురద, పీతలు, ఆ పీతల కోసం తపస్సు చేస్తున్నట్టు నటించే కొంగలు. తుఫానొస్తే సముద్రం రోడ్డు దాటి ఇంట్లోకి వస్తుంది. ఆరు గంటల్లో ఆ చిత్తడిలోకి జారి, పాయ గుండా తిరిగి వెళ్లిపోతుంది. చుట్టాలందరూ ఇలా ఉంటే ఎంత బాగుండును!

ఆ సముద్రాన్ని ఆపడానికి కరకట్ట కడతామని, జనం తమ అభిప్రాయాలు రాసి ఇవ్వాలని వీధిలో నోటీసు అంటించారు. ప్లాను చూస్తే గట్టు సరిగ్గా పాయ నోటికి అడ్డంగా పోతోంది. ఒక్క తూము కూడా లేదు.

"గట్టు కట్టనీరా, మంచిదే. పాయ మూసేస్తే లోపల పడ్డ వాన నీళ్లు ఎటు పోతాయి?" అంది అక్క. మా బావకు పక్షవాతం వచ్చి మూడేళ్లు. "ఆరు గంటలంటే మంచం ఎత్తి బల్లల మీద పెడతాం. ఆరు రోజులంటే ఇల్లు వదిలి పోవాలి. ఈయన్ని ఎవరింటికి తీసుకుపోను?"

"నేనున్నానుగా అక్కా! కరకట్ట మీద కాగితాల కట్ట పడేస్తాను చూడు!"

"ముందు నీ నోటికి అడ్డుకట్ట వెయ్యరా."

నాకు బస్టాండు ఎదురుగా జిరాక్సు, టైపింగు షాపు ఉంది. నా జోకులు కూడా జిరాక్సులేనని, ఒరిజినల్ ఇంకెవరి దగ్గరో ఉందని మా ఆవిడ అనుమానం. ఆ రోజు మాత్రం సొంతంగా రాశాను. "యావత్ ప్రజానీకం తరఫున మనవి" అని ఎత్తుకున్నాను. ఇళ్లు మనవి కాబట్టి మనవి! పేజీ నిండా సాగరఘోష, కన్నీటి కెరటాలు. పేరుకు ఖాళీ వదిలి నలభై మూడు కాపీలు లాగాను. వీధంతా సంతకాలు పెట్టేసింది. ఒక్కరూ చదవలేదు, నా మీద అంత నమ్మకం.

కట్ట పట్టుకుని నోటీసు ఇచ్చిన ఆఫీసుకు వెళ్లాను. టపా తీసుకునే కిటికీ వెనక ఒక గుమాస్తా అమ్మాయి కూర్చుని ఉంది. మొదటి కాగితం చదివింది. రెండోది తిప్పింది. మూడోది తిప్పింది.

"అన్నీ ఇదేనా బాబాయ్ గారూ?"

"అక్షరం తేడా ఉండదమ్మా! మా వీధిది ఒకే మాట!"

"అదే చిక్కు. ఒకే కాగితానికి కాపీలైతే ఎన్ని తెచ్చినా ఒక్క అభ్యంతరం కింద రాస్తాం." గొంతు తగ్గించింది. "ఇంకోటి. ఇందులో కెరటాలున్నాయి, కన్నీళ్లున్నాయి. మీకేం కావాలో లేదు."

లాక్కుని చూశాను. నిజమే. పాయ అన్న మాట లేదు. తూము అన్న మాట లేదు. నలభై మూడు సార్లు లేదు.

ముద్ర కొట్టి పంపేస్తే ఆ అమ్మాయిని అడిగేవాళ్లెవరు? కొట్టలేదు. కట్టంతా వెనక్కి తోసింది. "రేపు సాయంత్రం ఐదు దాకా గడువుంది. ఎవరు చూసింది వాళ్లని చెప్పమనండి. నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎంత ఎత్తు, ఎటు పోయాయి. రాయలేనివాళ్లకి మీరు రాసిపెట్టండి. మీ కవిత్వం మాత్రం కలపకండి."

మర్నాడు షాపులో కుర్చీలు చాలక జనం కాగితాల పెట్టెల మీద కూర్చున్నారు. మిషను తొక్కుడు బల్ల ఎంతవరకు మునిగిందో దర్జీ టేపు పెట్టి కొలిచొచ్చి రాశాడు. వలలు అల్లే పెద్దాయన పోటుకీ ఆటుకీ పాయ నీళ్లు ఎటు తిరుగుతాయో బొమ్మే గీశాడు. ఇస్త్రీ ఆవిడ చెబుతుంటే నేను రాశాను.

"గడప మీద రెండు జానలు. అంతే."

"ప్రళయంలా రెండు జానలు, అని పెట్టనా?"

"ప్రళయం గిళయం వద్దు. రెండు జానలు!"

చివరికి అక్క వచ్చి కూర్చుంది. "మా ఆయన లేవలేరు. పోయినసారి నీళ్లు మంచం పట్టెల దాకా వచ్చాయి. పొద్దున్న వచ్చి మధ్యాహ్నానికి పాయలోకి పోయాయి. గట్టు కట్టండి. పాయ దగ్గర తూము పెట్టండి. ఆయన్ని ఆ ఇంట్లోనే ఉండనివ్వండి."

రాసింది మొదటి నుంచి మళ్లీ చదివాను.

"ఏరా, తప్పుగా చెప్పానా?"

"లేదక్కా. కలపడానికేం లేదు." కింద, చెప్పగా రాసినవాడు తమ్ముడు, అని మాత్రం చేర్చాను.

నాలుగున్నరకు కిటికీ దగ్గరున్నాను. ఒక్కో కాగితానికి ఒక్కో నంబరు, ఒక్కో ముద్ర. నలభై మూడు దెబ్బలు. అంత కమ్మని చప్పుడు నేను పెళ్లిలో కూడా వినలేదు.

నాలుగు నెలలకు సవరించిన ప్లాను వచ్చింది. పాయ నోటి దగ్గర తలుపులున్న నాలుగు తూములు; పోటుకు మూస్తారు, ఆటుకు తెరుస్తారు. వెనక పేజీల్లో మా వీధి మాటలన్నీ, జవాబులతో సహా. అక్క వాటిని బావకు రెండుసార్లు చదివి వినిపించింది.

ఆ అమ్మాయికి చెప్పడానికి వెళ్లాను. వరద మీద, వరం మీద ఒక గొప్ప చమత్కారం దారి పొడుగునా నూరుకున్నాను. తీరా కిటికీ ముందు నిలబడ్డాక దాన్ని పక్కన పెట్టేశాను.

"చాలా మేలు చేశావమ్మా," అన్నాను.

"నాదేముంది బాబాయ్ గారూ, రాసింది మీరు." ఇంకొకరి టపా అందుకుంటూ అడిగింది: "మీ బావగారు ఎలా ఉన్నారు?"

బావ గురించి ఆ అమ్మాయితో నేనెప్పుడూ మాట్లాడలేదు. నలభై మూడూ చదివిందన్నమాట.

"బాగున్నాడమ్మా," అన్నాను. "ఇంట్లోనే ఉన్నాడు."