అడ్డం తిప్పి రాసిన వరసలు

ఆ ఉత్తరాలు చదవలేక కాదు, చదవబుద్ధి కాక వదిలేశారు మీరు, మ్యూజియం కమిటీ పెద్దలు. పిట్ట ముక్కు రంగు కావాలి మీకు, రెక్క కొలత కావాలి. దాని తోలు ఒలిచిన మనిషి మాత్రం అక్కర్లేదు. "ఇంటి సంగతులు, వదిలేయవచ్చు" అని ఒక గుర్తు తయారుచేసి నాగమల్లేశ్వరి చేతిలో పెట్టారు. మొదటి ఏడాది ఆమే నూట పన్నెండు ఉత్తరాలకి ఆ గుర్తు తగిలించింది. ఆమెదీ తప్పే.

భీమిలి మనిషి. సింగపూర్ వచ్చి ఏడేళ్లు. హౌగాంగ్‌లో ఒక చైనా ముసలమ్మ ఫ్లాట్‌లో గది తీసుకుని ఉంటోంది. ఆవిడ మాట ఈమెకి రాదు, ఈమె మాట ఆవిడకి రాదు. పొద్దున్నే తలుపు దగ్గర ఇద్దరూ తలలూపుకుంటారు. చాలా రోజులు ఇంట్లో పలకరింపు అదొక్కటే. ఫోన్ మోగితే బ్యాంకు మెసేజే.

తంజోంగ్ పగార్‌లో మ్యూజియం ఆఫీసులో పని. నూట అరవై ఏళ్ల కిందట ఇక్కడ పక్షుల్ని పోగుచేసిన థార్బీ దొర ఉత్తరాలు కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆయన పేరు మీదున్న పిట్టలు నలభై ఒకటి ఇప్పటికీ అక్కడి సొరుగుల్లో ఉన్నాయి. దొర పొదుపరి. కాగితం నిండితే అడ్డం తిప్పి, రాసినదాని మీదే మళ్లీ రాసేవాడు. ముందు రాసింది పక్షుల శాస్త్రం. అడ్డంగా రాసింది ఇంగ్లండులో ఉన్న చెల్లెలికి కబుర్లు. ఆ అల్లిబిల్లి మిషన్‌కి అర్థం కాదు. మనిషి కన్ను కావాలి.

మధ్యాహ్నం అందరూ గుంపుగా హాకర్ సెంటర్‌కి, ఆ తిండి దుకాణాల దగ్గరికి, భోజనానికి పోతారు. ఈమెని రమ్మనడం ఎప్పుడో మానేశారు. డబ్బా విప్పుకుని ఒక్కతే తింటూ, ఊసుపోక ఆ అడ్డగీతలు చదవడం మొదలుపెట్టింది. 'వానలకి చొక్కాలు ఆరలేదు. పంచదారకి చీమలు పట్టాయి.' ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టుండేది.

"మావీ ఆరనేదు బాబూ," అనేది పైకే.

అలా చదువుతుంటే తగిలాడు సింహాద్రి. భీమునిపట్నం నుంచి ఓడెక్కి వచ్చినవాడు, దొర దగ్గర తోళ్లు ఒలిచే పని. తోలుకి పురుగు పట్టకుండా పాషాణం కలిపిన సబ్బు పుయ్యాలి, వట్టి చేతుల్తో. 'సింహాద్రి అరచేతులు పుండ్లయ్యాయి,' అని రాశాడు దొర. తరవాత గోళ్లు ఊడాయన్నాడు. ఆ తరవాత ఇది:

'తమ్ముణ్ణి ఇటు పంపొద్దని తల్లికి ఉత్తరం రాయించమంటున్నాడు. సరేనన్నాను. రాయించలేదు. తమ్ముడొస్తే నాకు పనికొస్తాడు.'

రోజుకి మూడు ఉత్తరాలు రాసే చెయ్యి అది! ఒక్క కబురుకి రాలేదు.

 నాగమల్లేశ్వరి డబ్బా మూసేసి తరవాతి ఉత్తరాలు వెతికింది. తను గుర్తు తగిలించి పక్కన పడేసిన వాటిలోనే దొరికింది. 'సింహాద్రి గురువారం పోయాడు. తమ్ముడు వచ్చాడు, పేరు అప్పన్న. చెయ్యి అన్నకంటే చురుకు. మేజోళ్లు పంపు.' దాని కింద, ముందు రాసిన వరసల్లో, కొత్త రకం లకుముకిపిట్ట ముక్కు ఎరుపు గురించి పేజీన్నర.

ఉత్తరాలు పట్టుకుని మేనేజర్ చక్రధర్ దగ్గరికి వెళ్లింది. వరంగల్ పిల్లాడు, చెడ్డవాడు కాదు.

"ఏందక్కా, మళ్ల ఆ అడ్డగీతలేనా? పనోళ్ల ముచ్చట మనకెందుకు? శుక్రవారం పిట్టల లిస్టు లాక్ చేయాలె లా!"

"ఈ ఊరోళ్ల 'లా' గీ కట్టిపెట్టు. ఆ నలభై ఒక్క పిట్టలూ ఎవుడు ఒలిచాడో తెలుసా నీకు? కాలికి కట్టిన చీటీ మీద దొర పేరుంది. దొర కత్తైనా ముట్టాడా?"

"సేకరించినోళ్ల కాడ ఇంకో పేరు పెట్టాలంటే కమిటీ ఒప్పుకోవాలక్కా. నా చేతుల లేదు."

"కమిటీకి చెప్పావా?"

చక్రధర్ కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు.

ఆమె సీటుకెళ్లి నలభై ఒక్క పిట్టలకీ అన్నదమ్ములిద్దరి పేర్లూ ఎక్కించింది. సాయంత్రానికి చెరిపేశారు. మర్నాడు మళ్లీ ఎక్కించింది. గురువారం పొద్దున ఆమె పాస్‌వర్డ్ పనిచెయ్యలేదు. చుట్టూ పదిమంది తలలు వంచుకుని టైపు చేసుకుంటున్నారు. ఒక్కరూ ఏమైందని అడగలేదు.

ఆమె ఇంటికి పోలేదు. ఉత్తరాల నకళ్లు గుండెకి ఆనించుకుని కమిటీ గది తలుపు ముందు నిలబడింది. మంచినీళ్లిచ్చిన వాళ్లు లేరు. పొమ్మన్న వాళ్లున్నారు.

"పోను," అంది. "నా పని తీసేస్తే తీసేయండి, అది మీ ఇష్టం. నేను కొట్టిన నూట పన్నెండు గుర్తులూ ముందు పీకండి. ప్రతి కాగితం అడ్డం తిప్పి చదవండి. సొరుగులు తెరవండి, ప్రతి పిట్ట కాలికీ కొత్త చీటీ కట్టండి, సింహాద్రి, అప్పన్న అని. శుక్రవారం కాదు. ఇవాళ, నేను చూస్తుండగా."