బొమ్మ ఉన్న ఉత్తరం

నేను ఒక ఆజ్ఞని. ఒకే ఒక్క వరుస. నీటిపారుదల ఆఫీసు మెయిల్ సర్వర్‌లో నన్ను రాసిపెట్టారు. బయటి చిరునామా నుంచి బొమ్మతో ఏ ఉత్తరం వచ్చినా పారెయ్యాలి, అంతే నా ఉద్యోగం.

నా పుట్టుకకి కారణం శుభోదయాలు. పెద్ద ఇంజినీరు గారికి తెల్లారేసరికి మందారపూలూ, దేవుడి పటాలూ, సూక్తులూ వచ్చిపడేవి. అన్నీ చుట్టాలు పంపినవే. అసలు కాగితాలు వాటి కింద మునిగిపోయేవి.

"తిరగ్గొట్టేద్దామా సార్? అందలేదని పంపినవాళ్లకి తెలుస్తుంది" అన్నాడు నన్ను రాసిన కాంట్రాక్టు ఉద్యోగి పైడిరాజు.

"బాబోయ్, మా బావమరిది అలుగుతాడయ్యా! చప్పుడు చెయ్యకుండా పారెయ్."

బావమరిది అలక్కి భయపడి నాకు నోరు లేకుండా చేశారు. ఏం మనుషులండీ!

ఆషాఢంలో గున్నయ్య ఉత్తరం వచ్చింది. రిజర్వాయరు గేట్లు ఎత్తి దించే మనిషి. ఆఫీసు మెయిలు ఆయనకెవరిస్తారు? సొంత ఫోన్ నుంచే పంపాడు. 'మూడో గేటు గొలుసు పగిలిపోతంది. ఫొటో పెట్టినాను, సూడండి బాబూ.' పారేశాను. మర్నాడు మళ్లీ పంపాడు. పారేశాను. నాలుగోరోజు ఇంకోటి. బొమ్మ ఉందా లేదా అని చూడ్డమే నా పని, బొమ్మలో ఏముందో నాకెందుకు?

వారానికి గేటు కొట్టుకుపోయింది. దిగువన వల వేస్తున్న అన్నదమ్ములిద్దరు చచ్చిపోయారు. అడ్డుకుందామని పరిగెత్తిన గున్నయ్య ఫోను నీళ్లపాలైంది. అందులో మెయిలు ఎవరో పెట్టిచ్చిందే, వేరేచోట తెరవడానికి పాస్‌వర్డ్ ఆయనకి తెలీదు.

విచారణలో ఆయన ఒకటే మాట. "మూడుసార్లు పంపినాను బాబూ." పెద్ద ఇంజినీరు గారి పెట్టెలో ఒక్కటీ లేదు. అబద్ధాలకోరన్నారు. వెతికి చెప్పమని పైడిరాజుని పురమాయించారు.

పైడిరాజు చిట్టా తెరిచాడు. నేను పారేసిన ప్రతిదానికీ అందులో ఒక వరుస మిగులుతుంది. గున్నయ్యవి మూడు వరుసలున్నాయి. చాలాసేపు చూశాడు. నెలాఖరుకి అతని కాంట్రాక్టు పొడిగించాల్సింది పెద్ద ఇంజినీరు గారే. మూడింటినీ చెరిపేశాడు. నా ముందు ఒక గుర్తు పెట్టి పనిలోంచి తప్పించాడు. సిగ్గేసింది నాకు, అతనికి వేసిందో లేదో తెలీదు.

కిటికీ అవతల బెంచీ మీద గున్నయ్య కూర్చునున్నాడు.

"దొరికినాయేటి బాబూ?"

"లేదు గున్నయ్యగారూ. ఏమీ రాలేదు."

గున్నయ్య తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"అయితే నానే సరిగ్గా నొక్కలేదేటో. ఆలిద్దర్నీ నానే సంపేసినాను బాబూ."