నీలిమందు దుప్పట్లు

మా అమ్మాయి సీమచామంతి వేస్తానన్న రోజే నా గుండెల్లో రాయి పడింది. ఇంటి వెనక మాకున్నది రెండు ముక్కల పొలం. రెండింట్లోనూ టమాటాలే వేసేవాళ్లం. అందులో ఒక ముక్క మా ఆయన దానికిచ్చారు, పూలు పెంచి నూనె తీసుకొమ్మని. మొదటి ఏడు పూలన్నీ ఎండలో పోసి మాడ్చేసింది. నూనె సీసా అడుగు తడిసిందో లేదో కూడా తెలీలేదు.

"ఈసారీ ఇంతే అయితే మళ్లీ టమాటాలే," అన్నారు ఆయన. కోపంగా కాదు, తింటూ మామూలుగానే అన్నారు. ఆయన మామూలుగా ఒక మాట అన్నారంటే ఇక దానికి తిరుగుండదు.

అందుకే ఈ ఏడు పిల్ల పట్టు పట్టింది. యూరియా వద్దంటే వద్దంది. ఆకు ఏపుగా వస్తుంది కానీ పూలు తగ్గిపోతాయట. కోత దగ్గరపడగానే నీళ్లు తగ్గించింది. మొక్కలు చచ్చిపోతాయేమోనని నేను పొద్దున్నే లేచి వరసలన్నీ తిరిగి చూసొచ్చేదాన్ని. రేకులు బల్లపరుపుగా విచ్చుకున్న పూలే కోయాలట, అవి కిందికి వాలాక కోస్తే నూనె దిగదట. మంచు ఆరాక కోసి, ఎండ తగలకుండా షెడ్డులో దుప్పట్లు పరిచి పలచగా ఆరబోసింది. నీడలో బూజు పడుతుందని నేను, పడదని అది.

"అమ్మ పూలకి కూడా జ్వరం వస్తుందేమోనని చెయ్యి పెట్టి చూస్తోంది నాన్నా," అని వాళ్ల నాన్నకి చెప్పి నవ్వింది. చెయ్యి పెట్టి చూసిన మాట నిజమే. అడుగున వేడెక్కితే కుళ్లిపోవూ?

ఇక బట్టీ పెట్టిన రోజు నా అవస్థ చెప్పక్కర్లేదు. బట్టీ అంటే మూత బిగించిన పెద్ద స్టీలు పాత్ర. అడుగున నీళ్లు మరుగుతుంటే ఆవిరి పూలలోంచి లేచి, గొట్టంలో పడి, చల్లటి నీళ్ల డ్రమ్ములోంచి పోయి, చివరికి గాజు జాడీలోకి చుక్కలుగా దిగుతుంది. నీళ్లు కిందుంటాయి, నూనె పైన తేలుతుంది. నేను రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసక తెచ్చి పక్కన పెట్టుకున్నాను.

"ఆ మూత ఎగిరితేనో?" అన్నాను.

"ఎగిరితే పట్టుకుంటాలే," అన్నారు ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా.

పోయినేడు తొందరపడి మంట ఆర్పేశామని, ఈసారి సాయంత్రం దాకా మండాల్సిందేనని అమ్మాయి ముందే చెప్పింది. మధ్యాహ్నం దాటాక స్కూటర్ తీసింది. సబ్బులు తయారుచేసే ఆవిడ నూనె చూడ్డానికి వస్తోంది, ఆమెను బస్టాపు నుంచి తీసుకురావాలి. "మంట తగ్గకుండా చూడమ్మా. జాడీ మాత్రం ముట్టుకోకు," అని వెళ్లిపోయింది.

ముట్టుకోలేదు. వంగి చూశానంతే. జాడీలో నీళ్ల మీద వేలెడు మందాన నూనె తేలుతోంది. నీలంగా ఉంది. అలా ఇలా కాదు, సిరా పోసినంత నీలం.

 తెల్ల రేకులు, పసుపు బొడిపె ఉన్న పువ్వులోంచి నీలం ఎక్కణ్ణుంచి వస్తుంది? అప్పుడు గుర్తొచ్చాయి దుప్పట్లు. పూలు ఆరబోయడానికి పాత దుప్పట్లు తీస్తే పసుపెక్కి ఉన్నాయని, ఉతికి నీలిమందు పెట్టింది నేనే. కాస్త చెయ్యి జారి ఎక్కువే పెట్టాను కూడా. అదంతా పూలకి అంటుకుందన్నమాట. కన్నతల్లినై ఉండి పిల్ల నోట్లో మట్టి కొట్టాను.

ఆయన్ని పిలిచాను. వచ్చి జాడీలోకి తొంగిచూసి, "ఇదేమిటే, సిరా పోశావా?" అన్నారు.

దుప్పట్ల సంగతి చెప్పాను. ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు. 

"పాపం, ఎండలో తిరిగి ఎంత కష్టపడింది," అన్నారు. "టమాటాల మాట నేను ఎత్తనులే. నువ్వు కూడా ఎత్తకు."

ఆయన తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ మాటకి కళ్లనీళ్లు ఆగలేదు.

ఇంతలో స్కూటర్ చప్పుడైంది. నేను గేటు దగ్గరికి పరుగెత్తి, ఆ సబ్బుల ఆవిడ ఇంకా బండి దిగుతుండగానే చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, మా పిల్లని ఏమీ అనకండి. తప్పంతా నాది. దుప్పట్లకి నీలిమందు పెట్టాను, అది నూనెలోకి దిగింది. మీరు ఇంతదూరం వచ్చిన శ్రమ వృథా అయింది."

ఆవిడ మా అమ్మాయి వైపు చూసింది. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది!

"అమ్మా, ఆ నూనె రంగే నీలం. పూలలో కనపడదు, ఆవిరిలో బాగా కాగితేనే వస్తుంది. పోయినేడు మనం పూలు మాడ్చాం, మంట ముందే ఆర్పేశాం, అందుకే రాలేదు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే, రాకపోతే ఎలాగా అని నువ్వు తిండి మానేసేదానివి."

సబ్బుల ఆవిడ జాడీ ముందు కూర్చుని, వెలుగు పడేలా తల వంచి చాలాసేపు చూసింది. "నీలిమందు అయితే నీళ్లలో కలిసిపోయేది అక్కా. చూడండి, కింద నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో," అంది నాతో. తర్వాత ఒక చుక్క కాగితం మీద వేసుకుని వాసన చూసింది. "ఇంత ముదురు నీలం చూసి చాలా రోజులైంది. ఉన్నదంతా నాకే కావాలి. వచ్చే ఏడు ఇంకా తీయగలరా?"

అమ్మాయి వాళ్ల నాన్న వైపు చూసింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. "రెండో ముక్క కూడా దున్నిస్తాను. టమాటాలదేముంది, బజార్లో దొరుకుతాయి," అన్నారు. మామూలుగానే అన్నారు.

పిల్ల మొహం చూడాలి అప్పుడు. నాకు ఒళ్లంతా తేలికైపోయింది, కానీ నోరు ఊరుకోదు కదా. "రెండో ముక్కలో ఆ మూల నీళ్లు నిలుస్తాయి. కాలవ తీయించకపోతే వేళ్లు కుళ్లి చస్తాయి," అన్నాను.

"అయితే ఎక్కణ్ణుంచి తీయాలో నువ్వే చూపించు," అంటూ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని పొలం వైపు లాక్కెళ్లింది. వెనక సబ్బుల ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని, నేనూ చూస్తానంటూ గట్టు మీద నడిచి వస్తోంది.