అత్తమ్మ చేతి వంకర కొమ్మ

"జున్ను పక్కన పెట్టొద్దన్నానా, లేదా?"

"డబ్బాలో పెట్టి మూత వేశాను కదమ్మా."

"మూత వేస్తే పంది తోలు పంది తోలు కాకుండా పోతుందా?"

పొద్దున కాఫీ దగ్గర మొదలైన ఈ గొడవ, పొయ్యి మీద బంగాళదుంపలు ఉడికి చల్లారేదాకా సాగుతూనే ఉంది. నా కూతురు తిహానా ఫ్రిజ్ తలుపుకి వీపు ఆనించి, కాపలా కాస్తున్నట్టు నిలబడింది. నేను చేతిలో వెనిగర్ సీసా పట్టుకుని బల్ల తుడుస్తున్నాను. అప్పటికి ఎన్నోసారి తుడిచానో నాకే తెలియదు.

"ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు. ఇంట్లో మాంసం ముక్క ఉండకూడదు. నువ్వేమో పచ్చబొట్లు పొడవడం నేర్చుకుంటానని తోళ్ళు తెచ్చి పేరుస్తున్నావు" అన్నాను.

"తినకూడదన్నారు ఫాదర్. పొడవకూడదని ఎక్కడా అనలేదే" అన్నాడు నా భర్త వింకో, పేపరు దించకుండానే.

"నువ్వు నోర్మూసుకో. ఆ వాసన నీ ముక్కుకి ఎక్కితే తెలుస్తుంది."

ఆ తోలు చూస్తేనే ముఖం తిప్పుకునేదాన్ని. పాలిపోయిన పసుపు రంగు. గీసినా పోని వెంట్రుకల మొదళ్ళు. అడుగున జిగటగా కొవ్వు. దాన్ని ఈ పిల్ల, మేము పిండి పిసికే బల్ల మీదే పరిచి, రబ్బరు తొడుగులు వేసుకుని, గుర్రుమనే మిషన్‌తో తోడేలు తలకాయ పొడిచేది. నల్ల ఇంకు కొవ్వులో కలిసి చెక్క సందుల్లోకి కారేది. ఆ తర్వాత నేను ఏ రొట్టె చేసినా అందులో అదే రుచి తగిలేది. లేదని మిగతా వాళ్ళు ఒట్టు వేసినా నాకు తగిలేది.

తిహానా ఊరి కూడలిలో జుట్టు కత్తిరించే షాపులో పని చేసేది. మనసంతా పచ్చబొట్ల మీదే. మోస్తార్ పట్నంలో డెనిస్ అనే అతనికి పెద్ద పచ్చబొట్ల షాపు ఉంది. ఈస్టర్ తర్వాత ఒక్కరిని పని నేర్చుకోవడానికి తీసుకుంటానన్నాడు. ఇది తన తోళ్ళన్నీ మూటగట్టుకుని వెళ్ళింది. తోడేళ్ళు, గులాబీలు, ముళ్ళు విరిగిన గడియారాలు. అతను ఒక్కొక్కటే తిప్పి చూసి, "ఇవన్నీ నా ఫోన్‌లోనూ ఉన్నాయి. నీది అంటూ ఏదైనా ఉంటే తీసుకురా, అప్పుడు మాట్లాడదాం" అన్నాడట.

నీది అంటే ఏది? ఆ మాట పట్టుకుని ఈ పిల్ల తిండి మానేసింది. మా కోళ్ళగూడు గీసింది, చర్చి గోపురం గీసింది, చెరువు మీద మంచు గీసింది. గీసినవన్నీ పొయ్యిలో పడేసింది. ఆ ఒక్క చోటు పోతే ఇక జీవితమంతా ఊరివాళ్ళ జుట్టే ఊడుస్తానని ఏడ్చింది.

"ఊడిస్తే ఊడ్చావు. జుట్టు కనీసం కంపు కొట్టదు" అన్నాను.

ఆ గొడవ మధ్యలోనే మా అత్తమ్మ డెల్ఫా, పొయ్యి పక్క కుర్చీలోంచి చెయ్యి చాపి, ఉడికిన దుంప ఒకటి తీసుకుని పొట్టు వలవడం మొదలుపెట్టింది. తిహానా మాట మధ్యలో ఆగిపోయింది.

"నానమ్మా, చెయ్యి ఇలా ఇవ్వు."

"ఎందుకే, నాకు పెళ్ళి చేస్తావా?"

"ఇవ్వవే బాబూ."

మా వైపు ముసలి ఆడవాళ్ళందరి చేతుల మీదా పచ్చబొట్లు ఉంటాయి. శిలువ, దాని చుట్టూ కొమ్మలు, మణికట్టు మీద దడిలాగా గీతలు. చిన్నప్పుడు యోసేపు గారి పండగ నాడు పొడిపించుకున్నవి. అత్తమ్మ మేజోళ్ళ ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, పైనుంచి ఎవరో చూడ్డానికి వస్తున్నారని సూపర్‌వైజరు ఆమె చేత చేతి తొడుగులు వేయించాడట. అప్పటి నుంచి నలుగురిలో ఉంటే చేతులు ఏప్రన్ జేబుల్లోనే. ఫొటోల్లో ఎక్కడా ఆమె చేతులు కనబడవు.

నిజం చెప్పాలంటే, దాచుకోవడమే మంచిదనుకునేదాన్ని. కాపురానికి వచ్చిన మొదటి వారం ఆమె పిండి పిసుకుతుంటే చూశాను. బూజు పట్టిన రొట్టె రంగులో ఆ గీతలు, తెల్లటి పిండిలోకి దిగుతూ, బయటికొస్తూ. ఆ రోజు ఆకలి లేదని అబద్ధం చెప్పి లేచిపోయాను.

తిహానా మాత్రం ఆ చేతిని వెలుతురులోకి తిప్పి, కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. కుడి చేతి మీద శిలువకి ఇరువైపులా సన్నటి కొమ్మలు. అన్నీ నిటారుగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది పక్కకి వంగి, చివర ఉబ్బి, మొగ్గలాగా ముద్దకట్టింది.

"మనల్ని ఏలిన తుర్కులు ఆడపిల్లల్ని ఎత్తుకుపోకుండా వేసుకునేవాళ్ళటగా, నానమ్మా?"

"నాకు పొడిచేనాటికి తుర్కులు ఎక్కడున్నారే? పక్కింటి లూత్సకి ఉంది, నాకు లేదని దొర్లి దొర్లి ఏడ్చాను. మా అమ్మ భరించలేక, పచ్చబొట్లు పొడిచే ఆండా ముసలిదాని దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. అంతే కథ."

"దేనితో పొడిచింది?"

"మసి, తేనె, పాలు. చంటిబిడ్డ తల్లి పాలు. పైన్ చెక్క కాల్చి మసి పట్టేది. అంతా గిన్నెలో కలిపి, ఆరిపోతుంటే ఉమ్మి వేసి తడిపేది."

"ఛీ!" అన్నాను నేను.

"మరి నువ్వు ఫ్రిజ్‌లో పెట్టుకున్నది అత్తరా?" అంది అత్తమ్మ.

"నేను పెట్టలేదు, మీ మనవరాలు పెట్టింది" అన్నాను. వింకో పేపరు వెనక కిసుక్కుమన్నాడు.

ఆ వారమంతా తిహానా అదే గీసింది. ఒక్క చుక్క వదలకుండా, ఆ వంకర కొమ్మని మరీ శ్రద్ధగా గీసింది. "అన్నీ నిటారుగా ఉండి ఇదొక్కటే ఎందుకు వంగింది? ఇందులోనే ఉందమ్మా ప్రాణమంతా" అనేది. ఆ బొమ్మని ఫొటో తీసి డెనిస్‌కి పంపింది. మర్నాడే రమ్మని కబురు వచ్చింది. అత్తమ్మకి అక్కడే కంటి డాక్టరు దగ్గర పని ఉంది కాబట్టి ముగ్గురం బస్సెక్కాం.

షాపులోకి అడుగు పెట్టగానే తీపి సబ్బు వాసన, దాని కింద నుంచి పచ్చి రక్తం వాసన. గోడ మీద మా పిల్ల గీసిన బొమ్మ, తలుపంత సైజులో అంటించి ఉంది. బల్ల మీద ఒక విదేశీ అమ్మాయి పడుకుని ఉంది. డెనిస్ ఆమె పిక్క మీద పొడుస్తున్నాడు. ఇంకూ రక్తమూ కలిసి ఊరుతుంటే కాగితంతో తుడిచి, ఆ కాగితాలని పక్కన గిన్నెలో కుక్కుతున్నాడు. అదే శిలువ. అవే కొమ్మలు. వంకరది కూడా.

తిహానా ముఖం వెలిగింది. మొదట వెలిగింది, ఆ మాట దాచను.

డెనిస్ ఆ అమ్మాయితో ఇంగ్లీషులో ఏదో చెబుతున్నాడు. గొంతు తగ్గించి, ఫాదర్ ప్రసంగం చెప్పినట్టు.

"ఏమంటున్నాడే?" అని అడిగింది అత్తమ్మ.

తిహానా మెల్లగా చెప్పింది. "ఇది చాలా పాతకాలపు గుర్తట నానమ్మా. పూజారిణులు మాత్రమే వేసుకునేవాళ్ళట. ఆ వంగిన కొమ్మ సూర్యకిరణమట. చనిపోయిన పెద్దవాళ్ళ వైపు చూపిస్తుందట."

అత్తమ్మ గోడ మీది బొమ్మ దగ్గరికి వెళ్ళి, కళ్ళు చికిలించి చూసింది.

"ఇదా? ఇది పుండు కదే, పిల్లా."

"ఏంటి?"

"పుండు. పొడిచిన మర్నాడే పశువుల కొట్టంలో పేడ ఎత్తమన్నారు. కట్టు విప్పుకుని ఎత్తాను. పొడిచిన చోట పేడ పడింది. చీము పట్టి చెయ్యి ఇంత వాచింది. మా అమ్మ పంటి బిగువున పట్టుకుని పిండితే తెల్లగా చిమ్మింది, చూరు దాకా. మానేసరికి కొమ్మ అలా గుంజుకుపోయింది. ఆండా అన్నీ నిటారుగానే పొడిచింది పాపం."

మిషన్ ఆగింది. డెనిస్ మా వైపు తిరిగి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"అద్భుతం అవ్వా! ఆ పిల్లకి మాత్రం చెప్పకండి. మనకెందుకు? కథ బాగుంటే చాలు."

"మరి ఆమె కాలి మీద..." అంది తిహానా.

"ఆమెకి నచ్చిందిగా? ఇంక నీ సంగతి. ఈస్టర్ అయ్యాక వచ్చెయ్. కానీ ఒక్కటి సరిపోదు. మీ ఊళ్ళో ఇంకా ముసలాళ్ళు ఉన్నారా? అందరి చేతులూ తీసుకురా. కొందరికి రొమ్ముల మీద కూడా ఉంటుందటగా? అది కూడా అడుగు. వాళ్ళు పోకముందే ఫొటోలు తియ్యాలి." మాట్లాడుతూనే తొడుగు తీసి, అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాడు. కసాయి షాపులో తొడ ముక్కని తిప్పి చూసినట్టు ఇటు తిప్పి, అటు తిప్పి, ఆ అమ్మాయి పిక్క పక్కన పెట్టి ఫోన్ ఎత్తాడు. "కదలకు అవ్వా, కదలకు."

అత్తమ్మ కదలలేదు. ఆ సూపర్‌వైజరు ముందు కూడా ఇలాగే నిలబడి ఉంటుందనిపించింది. నాకు పంది తోలు మీద ఎన్నడూ కలగనంత అసహ్యం కలిగింది. చొక్కాలోకి ఏదో తడి పురుగు దిగినట్టు.

"వదులు. డాక్టరు దగ్గరికి టైమవుతోంది" అన్నాను. డాక్టరుకి ఇంకా చాలా టైముంది.

బస్సులో తిహానా కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. దారి సగం అయ్యాక అంది.

"చీముని గీశానమ్మా. ఎంత ప్రేమగా గీశానో చూశావుగా."

"పోనీలే. వాడి షాపులో చోటైతే దొరికింది" అన్నాను. ఓదార్చాలని అన్నాను గానీ, ఆ మాట నా నోట్లోనే చేదుగా తగిలింది.

"దొరికింది" అంది.

మర్నాటి నుంచి తిహానా మిషన్ ముట్టలేదు. అత్తమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని ఏవేవో అడిగేది. నేను పిండి పిసుకుతూ వినేదాన్ని.

"ఆండా బొమ్మ ఎక్కడ చూసి పొడిచేది?"

"చూడ్డమేంటి? కాగితమా, పలకా? చెయ్యి పట్టుకునేది. తోలు లాగి, ఎముక ఎటు పోయిందో వేలితో తడిమేది. చాలాసేపు ఊరికే తడిమేది, మాకు చక్కిలిగిలి పుట్టేది. లూత్సకి చిన్నప్పుడు నూనె పడి చెయ్యి కాలింది. ఆ మచ్చ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి దడి ఎత్తింది. మచ్చని తోటలాగా లోపల పెట్టి. మాకందరికీ కుళ్ళు."

"అంటే ఇద్దరికి ఒకేలాంటిది..."

"ఒకేలాంటి చెయ్యి ఉంటేగా!"

తిహానా ఆమె చెయ్యి తీసుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో మణికట్టు నుంచి వేళ్ళ దాకా తడిమింది. తర్వాత లేచి వచ్చి, చెప్పాపెట్టకుండా పిండి అంటిన నా చెయ్యి పట్టుకుంది. పొయ్యి అంచుకి కాలిన పాత మచ్చ ఒకటుంది నాకు. ముడతలు పడి, గులాబీ రంగులో, మెరుస్తూ ఉంటుంది. నాకే చూడబుద్ధి కాదు. దాని అంచు వెంట వేలు నడిపింది. అసహ్యమే వేసింది. అయినా చెయ్యి లాక్కోలేదు.

"ఇక్కడ తోలు పల్చగా ఉందమ్మా. నొప్పి పుడుతుందా?"

"లేదు. ఇప్పుడు లేదు."

యోసేపు గారి పండగ నాడు చర్చి నుంచి వచ్చి అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న సంకటి. అత్తమ్మ రెండు చేతులూ బల్ల మీదే పెట్టుకుని ఉంది. వింకో అప్పటికే రెండో గిన్నె పులుసు తాగుతున్నాడు.

"ఏమ్మా పచ్చబొట్ల డాక్టరమ్మా, మోస్తార్‌కి మూట కట్టావా? అక్కడికెళ్ళాక మమ్మల్ని గుర్తుపడతావా?" అన్నాడు.

తిహానా నానమ్మ గిన్నెలో పులుసు పోసి, గరిటె పక్కన పెట్టింది. గొంతు పెంచకుండా, ఉప్పు అందించమన్నట్టుగా అంది.

"మోస్తార్ వెళ్ళడం లేదు నాన్నా. పొద్దునే డెనిస్‌కి రానని చెప్పేశాను. గోడ మీది బొమ్మ తీసెయ్యమన్నాను, తీయనన్నాడు. జెనిత్సా పట్నంలో నెవెన్కా అని ఒకావిడ ఉంది. ఆపరేషన్ల మచ్చల మీద, కాలిన మచ్చల మీద పొడుస్తుంది. ఏడాది దాకా సూది పట్టనివ్వదట. వచ్చినవాళ్ళ మచ్చలు కడగాలట, వాళ్ళ పక్కన కూర్చోవాలట. బొమ్మలేమైనా తెస్తావా అని అడిగింది. లేవన్నాను, రమ్మంది. ఈస్టర్ అయిన సోమవారం వెళ్తున్నాను."