సన్‌షేడ్ కింద వాన

తీగ మీద బట్టలు ఆరేసే ముందు ఆమె ఒకసారి తలెత్తి చూస్తుంది. దేవుడి కోసం కాదు, మబ్బు కోసం. మొగుడి జీన్స్ నడుం దగ్గర ఆరడానికి నాలుగు గంటలు పడుతుంది. అప్పటిదాకా మబ్బు ఆగుతుందా లేదా అన్నది పదిహేడేళ్లుగా రోజూ ఆమే తేల్చుకోవాలి. తేడా వచ్చిందంటే ఇంట్లో కుర్చీలన్నీ తడి ప్యాంట్లు తొడుక్కుని కూచుంటాయి, అత్తగారు "కాస్త చూసుకోవద్దటమ్మా?" అంటుంది. ఆ మాట పడలేక ఆమె మబ్బుల్ని చదవడం నేర్చేసుకుంది.

ఆ ఇంట్లో వాతావరణం మీద అధికారం మాత్రం భర్తది. పొద్దున్నే టీ తాగుతూ ఫోన్ తీసి, "ఇవాళ నలభై శాతం వాన" అని తనే మంజూరు చేసినట్టు ప్రకటిస్తాడు. నలభై శాతమంటే ఏంట్రా అని తల్లి అడిగితే, "కొంచెంగా పడుతుందమ్మా" అంటాడు. భార్య గొడుగు అందిస్తే, "నీకెవరు చెప్పారు?" అంటాడు. మబ్బు చెప్పిందంటే బాగుండదని, "ఊరికే అనిపించిందండీ" అంటుంది. గొడుగు వదిలేసి వెళ్లి, సాయంత్రం ముద్దగా తడిసొచ్చి, "ఫోన్లో చెప్పలేదే!" అని వానని తప్పుపడతాడు. తువ్వాలు ఆమె అందిస్తుంది.

వాతావరణ ఆఫీసువాళ్లు, ఇళ్లలో వాన కొలిచి రోజూ లెక్క పంపేవాళ్లు కావాలంటే ఆయనే పేరిచ్చాడు. వాననీళ్లు పట్టే ఒక గొట్టం, కొలిచే గీతల జాడీ, రిజిస్టరు ఇచ్చారు. ఆ గొట్టాన్ని మేడ మీద, మెట్లగది సన్‌షేడ్ కింద, భద్రంగా పెట్టాడు.

"అందులో వాన పడాలి కదండీ?" అంది ఆమె.

"ఆఫీసు సొత్తు. తడిస్తే పాడవదూ? అన్నీ చదివే పెట్టాలే."

ఎలా పెట్టాలో చెప్పే కాగితం ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. మూడు నెలలు రోజూ సున్నా పంపాడు. వీధిలో స్కూటర్లు సీట్ల దాకా మునిగిన రోజు కూడా సున్నానే. సంతకం మాత్రం చాలా అందంగా పెట్టాడు.

నాలుగో నెల ఒక శనివారం మధ్యాహ్నం ఆ ఆఫీసు మేడమ్ స్వయంగా వచ్చింది. "ఊరంతా తడిసింది సార్. మీ ఇల్లొక్కటే ఎడారి."

"మా వైపు మబ్బులు తక్కువండీ," అన్నాడాయన వినయంగా.

మేడమ్ మేడెక్కి గొట్టాన్ని చూసింది. పైనున్న సన్‌షేడ్‌ని చూసింది. ఆయన్ని చూసింది.

టీ తెచ్చిన ఆమె పడమటి వైపు చూస్తూ, "తొందరగా తాగండి మేడమ్. ఇరవై నిమిషాల్లో వానొచ్చేస్తుంది," అంది.

"పది శాతమే ఉందే!" అని ఆయన ఫోన్ చూపించాడు.

మేడమ్ ఫోన్ చూడలేదు. "మీకెలా తెలుసు?" అంది ఆమెతో.

ఆ ప్రశ్న ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ అడగలేదు. ఆమె పడమటి మబ్బు వైపు వేలు చూపించింది. "ఇందాక కాలీఫ్లవర్‌లా లేచింది మేడమ్. ఇప్పుడు చూడండి, పైభాగం ఇస్త్రీ చేసినట్టు చదునుగా పరుచుకుంది. అలా అయిందంటే ఉరుములు ఖాయం. ముందు చల్లగాలి కొడుతుంది. కొట్టాక బట్టలు తియ్యడానికి ఏడు నిమిషాలు."

"కచ్చితంగా ఏడా?"

"ఒక్కోసారి ఆరు."

గాలి కొట్టింది. కింద నుంచి అత్తగారు "అమ్మాయ్, బట్టలు!" అని కేక. ఆమె కాళ్లు వాటంతటవే తీగ వైపు కదిలాయి. మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని, "ఉండండి, చూద్దాం," అంది. ఆమె ట్రే ఆయనకిచ్చి ఆగింది.

ఇన్నేళ్లూ చేతుల నిండా బట్టలు, పళ్ల మధ్య క్లిప్పులు పెట్టుకుని, వెనక్కి తిరిగి పరిగెడుతూనే చూసింది వానని. ఇప్పుడు ఎదురుగా చూసింది. చుట్టేసిన పరుపులా ఒక నల్లటి మబ్బు ఈ చివర నుంచి ఆ చివరిదాకా దొర్లుకుంటూ వస్తోంది. దాని వెనక ఆకాశం పాత అద్దంలా పచ్చగా ఉంది. అంత పెద్దది, అంత బరువైనది, ఏ ఆధారం లేకుండా పైన నిలబడి ఉంది, ఎవరూ పట్టుకోలేదు. మెరుపు మబ్బు లోపలే వెలిగి, దాని గదులన్నీ ఒక్కక్షణం చూపించింది. దూరపు మేడలు ఒక్కొక్కటిగా తెల్లటి తెర వెనక్కి వెళ్లిపోయాయి. ఇంత జరుగుతుంటే తను ఇన్నాళ్లూ దీన్ని దిండుగలీబుల సమస్య అనుకుంది! మొదటి చినుకు నుదుటి మీద పడింది, రూపాయంత. తర్వాత లెక్క లేదు.

ముగ్గురూ మెట్లగదిలోకి చేరారు. జీన్స్ తీగ మీద స్నానం చేస్తోంది.

"రేపట్నుంచి మీరు చూస్తారా?" అంది మేడమ్ ఆమెతో. "రోజూ పొద్దున సరిగ్గా ఎనిమిదిన్నరకి రీడింగ్ తియ్యాలి. ఒక్కరోజు కూడా మానకూడదు."

ఆయన నవ్వేశాడు. "ఎనిమిదిన్నరకా! నా బాక్సూ, అమ్మ మాత్రలూ, ఇస్త్రీ చొక్కా, అన్నీ అప్పుడేనండీ. ఆవిడకి కుదరదు. నేనే చూస్తా, గొట్టం బయట పెడతా."

మేడమ్ మాత్రం ఆమె వైపే చూస్తోంది. ఆమె వాన వైపు చూస్తోంది.

"చూస్తాను మేడమ్," అంది చివరికి.

"మరి నా బాక్సు?" అన్నాడాయన, ఇంకా ట్రే పట్టుకునే.

"ఎనిమిదింపావుకల్లా కట్టేసుకోండి," అంటూ ఆమె రిజిస్టరు అందుకుంది. "ఎనిమిదిన్నరకి నన్ను పిలవకండి. నాకు పనుంటుంది."